భుజం

పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మల కొట్టు మీద మా ఆఫీసు.
ఏడుగురం, ఒక ఫ్యాను, గోడ నిండా పసుపు చీటీలు.
"చెయ్యాలి", "చేస్తున్నాం", "అయిపోయింది" అని
మూడు గళ్లు గీసింది నేనే.
వాటి కిందే ప్రదోష్ పాణిగ్రాహి ఒడియాలో మళ్లీ రాశాడు,
జంతికలు చుట్టినట్టు గుండ్రంగా.

ధాన్యం కొనే కేంద్రాలకి యాప్ రాస్తున్నాం.
నలుగురు తూకం వైపు, ఇద్దరు చెల్లింపు వైపు.
మధ్యలో నేను.
వాళ్లని కలిపి ఉంచడమే నా ఉద్యోగం, జీతం దానికే.

రోజూ తొమ్మిదిన్నరకి నిలబడతాం, పావుగంట.
కూర్చుంటే కబుర్లు సాగుతాయని నిలబడటం.
ఎంతవరకు వచ్చింది అంటే
నీలకంఠం "అవుతోందండీ" అంటాడు.
ప్రదోష్ "హెఉచి" అంటాడు.
ఎస్తేరు రయితా తలూపుతుంది.
ఆ మాటని సవర భాషలో ఏమంటారో
నేనెప్పుడూ అడగలేదు.

అవుతోంది అంటే అవట్లేదని
తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది.
రెండు భాషల్లోనూ.

చీటీల రంగులు మార్చాను.
శుక్రవారాలు పకోడీలు తెప్పించి
మనసు విప్పి మాట్లాడుకుందాం అన్నాను.
పకోడీలు అయిపోయాయి.
ఒక చీటీ జిగురెండి, ఫ్యాను గాలికి రాలి
బల్ల కిందికి జారింది.
ఎవరిదని ఎవరమూ వంగి చూడలేదు.

జనవరిలో కాశీనగర్ నుంచి ఫోను.
తూచారు, డబ్బు పడలేదు.
తూకం వైపు కిలోలు పంపితే
చెల్లింపు వైపు క్వింటాళ్లనుకుంది.
ఒక రైతు నలభై క్వింటాళ్లు నాలుగు వేలై
బ్యాంకు బిత్తరపోయి అన్నీ ఆపేసింది.

"నాకు తెలుసు" అంది ఎస్తేరు బస్సులో,
కిటికీ బయటికి చూస్తూ.
"చీటీ రాశాను."
ఏ చీటీ అని అడగబోయి
నోరు మూసుకున్నాను.

యార్డులో పాత ఇనప కాటాని
ఆరుగురు హమాలీలు వాసాలకి కట్టి మోస్తున్నారు.
ముందు ముఖలింగం. వెనక ఎవరో కుర్రాడు.
సగం దూరంలో కుర్రాడు "భుజం!" అన్నాడు.
ఆరుగురూ ఆగారు.
ఎందుకని అడగలేదు, వెనక్కి తిరగలేదు.
కాటా గాల్లోనే ఉంది.
వాడు తువ్వాలు సర్ది, బరువు ఎడమకి మార్చి
"ఊఁ" అన్నాడు.
కదిలారు.

అదేంటని అడిగితే ముఖలింగం బీడీ వెలిగించుకున్నాడు.
"ఏటుందమ్మా దాన్లో. నొప్పెడితే సెప్పాల.
సెప్పకపోతే అది పడేది ఆడి కాలి మీద కాదు,
నా కాలి మీద."
పాదం చాపాడు. బొటనవేలు సగమే ఉంది.
"అప్పుడాడు సెప్పనేదు మరి.
ఆ రోజుల్లో సెప్పినోణ్ణి తిట్టేటోళ్లం."

తిరుగు బస్సులో నిద్ర రాలేదు.
అక్టోబరులో ఒకసారి ఎస్తేరు
"మేడమ్, ఒక అనుమానం" అంది.
నేను గడియారం చూశాను.
పావుగంట దాటి అప్పటికి రెండు నిమిషాలు.

సోమవారం తొమ్మిదిన్నర.
నాలుగో గడి గీయలేదు,
కొత్త నియమమేదీ చదవలేదు.
ముందు నేనే అన్నాను: "భుజం.
బ్యాంకువాళ్లకి ఏం రాయాలో నాకు తెలీట్లేదు."
ఎవరో నవ్వారు.
ప్రదోష్ మాత్రం లాప్‌టాప్ తెచ్చి
నా పక్కన పెట్టాడు.

మంగళవారం ఎవరూ అనలేదు.
బుధవారం కూడా.
ఆ మాట కాశీనగర్‌లోనే దిగిపోయిందనుకున్నాను.

గురువారం నీలకంఠం గొంతు సవరించుకుని
"అవుతో..." అని ఆగాడు.
కింద కొట్టులో కొమ్ము అరగదీస్తున్న ఆకురాయి చప్పుడు.
నేను గడియారం వైపు చూడకుండా ఉండటానికి
చేతులు వెనక కట్టుకున్నాను.
వాడింకా మాట వెతుక్కుంటున్నాడు.
ఎస్తేరు అప్పటికే
తన కుర్చీ వాడి బల్ల వైపు లాగుతోంది.