చేదు తెలియకపోతే పాస్

వెర్మాంట్‌లో మంచు కరిగి రోడ్లు బురదయ్యే నెలలో
ఏడాదికోసారి ఆ రాళ్ళ షెడ్డుకి వెళ్తాను.
నా పెట్టెలో ఒక తెల్లటి ముసుగు, రెండు పిచికారీ బుడ్లు,
చేతి అద్దం, నోరు పుక్కిలించడానికి కాగితం కప్పులు.
నా పేరు అక్కడెవరికీ గుర్తుండదు.
"చేదావిడొచ్చింది" అని ఒకడు కేకేస్తాడు,
రంపాలు ఒకటొకటిగా నోరు మూస్తాయి.

సమాధి రాళ్ళు చేసే చోటది.
గ్రానైట్ కోస్తారు, నునుపు పెడతారు, పేర్లు చెక్కుతారు.
ఒక పేరులోంచి రాలే పొడి ఎంతో కాదు, చిటికెడు.
అందులోనూ కంటికి ఆనని పాలే
ఊపిరితిత్తిలో కాపురం పెట్టేది.

నియమం పెద్దదేం కాదు, ఎవరూ చివరిదాకా చదవరంతే.
ముందు నీళ్ళు కొట్టు. దుమ్ము లాగే గొట్టం పెట్టు.
అన్నీ చేశాక కూడా గాలి గీత దాటిందా,
అప్పుడు రా మనిషి ముక్కు దగ్గరికి.
ఇక మాస్కు తప్పనిసరి.
డాక్టరు చూడాలి, మొహానికి అతకాలి,
ఖర్చు యజమానిది,
అతుకు దగ్గర ఒక్క వెంట్రుక ఉండకూడదు.

ఆ వెంట్రుక దగ్గరే లూడ్జర్ ఫెక్టో మూడేళ్ళు ఆగిపోయాడు.
గడ్డం వదలనని ఉలి వదిలాడు,
బయట వానలో ఫోర్క్‌లిఫ్టు నడిపాడు.
ఈసారి నున్నగా గీసుకొచ్చి కూర్చున్నాడు.
పేర్లు చెక్కే ముసలాయన మానేశాడట,
ఇంకెవరి చేతికీ ఆ వంపు రాదట.
"ఇరవయ్యారేళ్ళ గడ్డం తీస్తే
కింద మా నాన్న గడ్డం ఉంది" అన్నాడు.
పట్టీలు సరిచూసుకోమని అద్దమిచ్చాను.
పట్టీలకి కావలసిన దానికన్నా ఎక్కువసేపు చూశాడు.
వాళ్ళ నాన్నదీ ఈ షెడ్డే. ఆయన మాస్కు
టోపీతో పాటు మేకుకి వేలాడేదట.
అంతే చెప్పాడు, నేనూ అంతే విన్నాను.

తలమీద ముసుగు దించి చేదు కొట్టాను.
మామూలుగా పీల్చు. గట్టిగా పీల్చు.
ఎడమకి తిరుగు.
"చేదు!" అన్నాడు, మొహం పిల్లాడిలా పెట్టి.
సైజు మార్చాం. పుక్కిలించాడు. మళ్ళీ మొదటినుంచి.
ఎడమ, కుడి, పైకి, కిందికి.
ఇప్పుడు ఒక నిమిషం ఆపకుండా మాట్లాడాలి.
నేనిచ్చిన కాగితం పక్కన పడేసి
జేబులోంచి ఆర్డర్ల చీటీ తీశాడు,
ఆ నెల చెక్కాల్సిన పేర్లు, పుట్టిన ఏడు, పోయిన ఏడు.
గులాబీ రంగు ఫిల్టర్ల మధ్యనుంచి
పేర్లు బావిలోంచి వచ్చినట్టు వచ్చాయి.
ఏడో పేరు దగ్గర ఆగాడు.
"చేదా?"
"కాదు, ఇందులో ఎల్ ఒకటా రెండా అని."
ఏమీ తెలియలేదు. పాస్.
నా ఉద్యోగంలో మంచి వార్త ఇదొక్కటే,
ఏమీ తెలియకపోవడం.

మెట్లెక్కితే ఆఫీసు. నెరీనా అక్కడ లెక్కలు రాస్తుంది.
ఆమె కాలరుకి నిరుడు ఎనిమిది గంటలు పంపు తగిలించాను,
గాలి గీతలో సగం వచ్చింది. అంచేత ఆమెకి తప్పనిసరి కాదు.
అయినా డబ్బాలోంచి ఓ తెల్ల మాస్కు తీసి పెట్టుకుంటోంది.
అలాంటివాళ్ళకి ఒక పేజీ ఇచ్చి చదివించమంది చట్టం:
శుభ్రంగా ఉంచుకో, ఇంకొకరిది వాడకు,
దీన్ని నమ్ముకుని పనికిరాని చోటికి పోకు.
డాక్టరు లేడు, చేదు లేదు.
దీన్ని స్వచ్ఛందం అంటారు.
మాటలో స్వచ్ఛం ఉంది గాని
ఆమె కీబోర్డు మీద వేలితో గీస్తే గీత పడింది.

పేజీ వెనక్కి తిప్పి చూసింది. ఖాళీ.
"సగం అంటే
నేను సగమే పీలుస్తున్నట్టా?"

కొలత గురించి నాకు తెలుసు. ఊపిరి గురించి
నాకంత తెలియదని చెప్పలేదు.
కిందికి చూశాను.
షెడ్డుకీ ఆఫీసుకీ మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది.
దానికి ఓ గ్రానైట్ ముక్క అడ్డం పెట్టారు,
ఎవరి పేరులోనో తప్పు పడ్డ ముక్క.
ఎందుకంటే కాఫీ యంత్రం ఇటుంది,
కాఫీ తాగే పద్నాలుగు మంది అటున్నారు.

నా ఫారంలో రెండే గడులు, తప్పనిసరి, స్వచ్ఛందం.
రెండిటికీ టిక్కులు పెట్టి
కింద ఇరుకు చోట రాశాను:
కాఫీ యంత్రాన్ని షెడ్డు దుమ్ముకి దూరంగా వేరే గదిలోకి మార్చండి.
తలుపు మూయండి.