ఎత్తు 931

రాత్రి బొమ్మనహళ్లి గదిలో
ఫోను మీద రెండు వేళ్లతో కొండను సాగదీసి చూశాను.
పైనుంచి చూసే కంటికి గుహ కనిపించదు,
అది పక్కకి తెరుచుకుంటుంది కదా.
కనిపించేది దాని నీడ ఒక్కటే,
నువ్వుగింజంత.
ఆ గింజ మీద గుర్తు పెట్టి పడుకున్నాను.

పాత సర్వే పటంలోనూ ఉంది:
గవిబండె, ఎత్తు 931,
పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘గుహ’.
ఆ పటం నమ్మిన భూగోళం వేరు,
నా చేతి యంత్రం నమ్మే భూగోళం వేరు;
ఒకదాని నడుం కాస్త లావు.
రెంటికీ మధ్య కొన్ని పదుల అంగల పేచీ,
పాలివాళ్ల గట్టు తగాదాలా
తీర్చేసరికి కోడి కూసే వేళ.

జిగణి దాటాక తారు అయిపోయింది.
చిక్కణ్ణ ఆటో ఆపి బీడీ ముట్టించాడు.
పసుప్పచ్చ జీపీఎస్‌ని అరచేతిలో పట్టుకుని
లంటానా పొదల్లోకి దిగాను.
పదకొండు ఉపగ్రహాలు, నాలుగు మీటర్ల తప్పు,
బాణం గుర్తు వాసన పట్టిన కుక్కలా లాగుతోంది.
నూట ఇరవై. అరవై. చొక్కా చిరిగింది. పదిహేను.
నీలగిరి చెట్ల కింద ఒకసారి తల తిరిగి వెనక్కి చూపించింది,
మళ్లీ తేరుకుంది.
మూడు.
గమ్యం చేరారు, అంది.

చేరిన చోట గుంత.
కొండంత గుంత.
అడుగున పచ్చటి నీళ్లు, నీళ్లలో ఒక గేదె,
గోడల నిండా నిలువునా డ్రిల్లు గీతలు,
ఎవరో దువ్వెనతో దువ్వినట్టు.
నేను గుహ నీడ అనుకున్నది
క్వారీ నీడ.

ఎత్తు చూశాను: 902.
బ్యాటరీలు తీసి, చొక్కాకి తుడిచి, మళ్లీ వేశాను.
902.

“ఏం ఎతుకుతుండావు నాయినా?”

తెలుగే.
కంకర కుప్ప మీద సుంకలమ్మ,
ఒక బొటనవేలికి గోరు సగమే ఉంది.
వాళ్ల తాతలు రాళ్లు కొట్టుకుంటూ వచ్చారట,
రాయి ఎందాక ఉంటే అందాక మా మాట నడిచింది, అంది.

గవి, అన్నాను.
ఆ ఒక్క మాట చాలింది.
యంత్రం చూపించబోయాను, చూడలేదు.
చెయ్యెత్తి, వేలు చాపి,
నీళ్ల మీద కాదు, గోడ మీద కాదు,
ఉత్త గాలిలో, గద్ద ఒకటి తిరుగుతున్న చోట ఆపింది.

“ఆడ.
చేటంత మూతి. వంగి పోవల్ల.
వానొస్తే సుత్తులు, సమ్మెటలు, పిల్లోళ్లు,
అందరం దాంట్లోనే.
మా నడిపోడు ఆడే పుట్టినాడు.”

కొట్టేశారా, అన్నాను.
నా గొంతులో పోలీసు ఎవరో ఉన్నట్టుంది.
ఆమె ఒక కంకర ముక్క తీసి, తిప్పి చూసి, అక్కడే వేసింది.

“రాయి కొట్టినాము. కూలికి కొట్టినాము.
గవిని ఏం కొడతారు?
దాంట్లో ఏముండాదని?
ఖాళీ కదా. యాడికి పోతాది.”

గద్ద మూతిలోకి దూరి, బయటికొచ్చింది.

యంత్రం అడిగింది: ఈ చోటుకు పేరు?
గవిబండె అని కొట్టాను.
ఎత్తు దగ్గర మాత్రం దాని మాట వినలేదు,
902 చెరిపి, చేత్తో 931 వేశాను.
ఇక ఈ బిందువు పట్టుకుని ఎవరైనా వస్తే
వాళ్లకు రెక్కలన్నా ఉండాలి,
సుంకలమ్మన్నా దొరకాలి.

“సిక్తా సార్?” అన్నాడు చిక్కణ్ణ.
తలూపాను,
అది అవునో కాదో నాకే తెలియకుండా.

కూడ్లు గేటు దగ్గర వాన పట్టుకుంది.
ఫ్లైఓవర్ కింద ఆగిపోయాం, అందరం:
స్కూటర్ల వాళ్లు, మల్లెపూల బుట్టతో ఒక పిల్ల,
ట్రంపెట్లు పొట్టకు హత్తుకున్న పెళ్లి బ్యాండు,
డెలివరీ సంచిని గొడుగు చేసుకున్న కుర్రాడు.
ఎవరో ఎవరికో అగ్గిపెట్టె ఇచ్చారు.
ఒళ్లో జీపీఎస్ గుడ్డిదైపోయింది.
ఉపగ్రహాలు దొరకడం లేదు, అంది.
మీరు లోపల ఉన్నారా?

అవును, నొక్కాను.