ప్రచురణకర్త తెలియదు

ఎర్ర పెట్టెలో ఒక వాక్యం వస్తుంది:
"ఈ ప్రచురణకర్త ఎవరో తెలియదు. అయినా తెరుస్తారా?"
గుంటూరు కొత్తపేటలో
ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలిసినదాన్ని,
చిల్లర లేకపోయినా పాలప్యాకెట్టు చేతిలో పెట్టేంత తెలిసినదాన్ని,
తెరమీద మాత్రం ఊరూ పేరూ లేనిదాన్ని.

రాసింది తొమ్మిది మందిమి.
ఒకరి మొహం ఒకరం చూడలేదు.
తాళం మొత్తం వదులు చేసే తప్పు, ఒక్క బైటు దగ్గర,
తెల్లవారుజాము మూడింటికి పట్టుకున్నవాడి పేరు
పిచ్చుక నలభైఏడు.
అంతకుమించి పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు అడిగారు.
సంస్థ? లేదు.
ఆఫీసు ఫోను? లేదు.
పోనీ మనిషిగా రండి, కరెంటు బిల్లు పంపండి.
బిల్లు ఇంటి ఓనరు వీరరాఘవయ్య పేరున ఉంది.
ఆయన పోయి ఆరేళ్ళు.
పోయినాయన్ని మీటరు గుర్తుపడుతుంది, నన్ను ఎరగదు.
ఆధార్‌లో షేక్ మస్తాన్‌బీ.
పాన్ కార్డులో మస్తాన్, ఇంటిపేరు బీ.
బ్యాంకులో షేక్ ఎం.
ముగ్గురం కలిసి జిల్లా కోర్టు దారి పట్టాం.

నోటరీ అమృతలింగం గారు ఊదా ఇంకు కలుపుతూ
"ఏం చేస్తుంటావమ్మా?"
"తాళాలండీ."
"అమ్ముతావా?"
"ఊరికే ఇస్తాం. ఎలా చేశామో కూడా విప్పి చూపిస్తాం."
కళ్ళజోడు దించి చూశారు.
"గుట్టు చెప్పేశాక ఇంకెందుకమ్మా తాళం?"
"తాళం అందరిదీ. చెవి ఒక్కటే ఎవరిది వాళ్ళది."
ఓహో అన్నారు. నమ్మలేదు.
రెండొందలు తీసుకుని ముద్ర గుద్దారు.

యార్డు వైపు నుంచి గాలి తిరిగింది. తుమ్మాను.
అన్న కాలేషా అక్కడే, టిక్కీల మీద
రేకు అచ్చు ఆనించి నల్లరంగు పూస్తాడు.
"కాయ మంచిదని కాదే, ఏ కొట్టుదో చెప్తానంతే.
లోపల తాలు ఉంటే మార్కు చెప్పదు.
తిట్టడానికి మాత్రం మనిషి దొరుకుతాడు."

వీడియోలో కార్డు చెంప పక్కన పెట్టమన్నారు.
ఎడమకి తిరగమన్నారు. ఫ్యాను ఆపమన్నారు.
చెమటతో నేనే నేనని ఒప్పుకున్నాను.
ఫీజుకి సగం జీతం పోయింది, మిగతాది తలా కొంత.
పిచ్చుక పంపింది మూడువందల పదకొండు.
ఆ పదకొండేమిటో.

కొరియర్ కుర్రాడి ఫోను: "అడ్రసు దొరకట్లేదు మేడమ్."
పాలకొట్టు దగ్గర మస్తాన్‌బీ అని అడుగు అన్నాను.
రెండు నిమిషాల్లో గుమ్మంలో ఉన్నాడు.
చిటికెన వేలంత టోకెను,
దాని కోసం మూడు చోట్ల సంతకం.

ఆ రాత్రి ముద్ర వేశాను.
ఎర్ర పెట్టె పోయింది.
దాని చోట నా పేరు,
పాన్ కార్డు వాళ్ళు చేసిన తప్పుతో సహా:
మస్తాన్, బీ.
పిచ్చుక లేదు. మిగతా ఏడుగురూ లేరు.
తాలు ఉంటే ఇక తిట్లు నాకే.

టోకెన్ను ఉప్పుడబ్బా వెనక పెట్టి పడుకున్నాను.
కాసేపటికి లేచి
ఆ ఒక్క బైటు మళ్ళీ చూశాను.