నాలుగు వేళ్ల ఎత్తు

మోంతెవిదేయోలో జులై అంటే ఎముకలు కొరికే చలి.
ఆసుపత్రి నేలమాళిగలో మాత్రం
పన్నెండు నెలలూ ఆవిరి.
రోజుకి రెండు వేల దుప్పట్లు:
పురుళ్లవి, ఆపరేషన్లవి,
మనిషి మళ్లీ లేవని మంచాలవి.
మరక చూసి చెప్పేస్తాం
ఏ అంతస్తు నుంచి దిగిందో.

పాత మేనేజరు సోసా
దుప్పట్ల కంటే ముందు మమ్మల్ని ఉతికి ఆరేసేవాడు.
తన చొక్కా ఇస్త్రీ మడత మాత్రం నలిగేది కాదు.
గోడ మేకుకి నెలకో ఫోటో,
కింద 'ఉత్తమ ఉద్యోగి' అని రెండు మాటలు.
ఒక నెల నా ముఖమూ వేలాడింది.
ఆ నెలంతా
చేతులు మారుతూ తిరిగే మాతే బుర్ర
నా దగ్గరికి రాకుండానే చుట్టు ముగించేది.

తర్వాత నేలిదా ఎచెవెర్రి వచ్చింది.
పొట్టి మనిషి. ఎడమ చెవి వినపడదు.
ఉపన్యాసం ఇస్తుందని చేతులు కట్టుకు నిలబడ్డాం.
ఇవ్వలేదు.
మురికి మూటలు విప్పే చోటికి,
ఎవరూ వంతు కోరని ఆ చోటికి వెళ్లి
తొడుగులు మోచేతుల దాకా లాక్కుంది.
చూపుకి చేస్తోంది, అనుకున్నాం.
రెండో వారమూ అక్కడే ఉంది.
చూపుకే, అనుకున్నాం అప్పుడూ.

మూడో వారం నా బల్ల దగ్గర ఆగి
కుడి చెవి నావైపు తిప్పింది:
"ఇర్మా, ఇక్కడ నీ చేతికి అడ్డం పడుతున్నదేమిటి?"

పదకొండేళ్లుగా నన్నడిగినవన్నీ
ఎన్నయ్యాయి, ఇంకా కాలేదేం, ఎవరు చింపారు.
ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు మడతపెట్టి లేదు.
ఎందుకో కోపం వచ్చింది.
"బల్ల. నాలుగు వేళ్లు కిందికుంది."

తన వేళ్లతో కొలుచుకుంది.
మర్నాడు వడ్రంగి ఆపరీసియో వచ్చి
నాలుగు కాళ్ల కింద నాలుగు చెక్కముక్కలు పెట్టాడు.
అంతే.
పదకొండేళ్ల నడుము నొప్పి
నాలుగు చెక్కముక్కల ఖరీదని తెలిసిన రోజు
సంతోషించానని అబద్ధం చెప్పను.
సబ్బుపొడి బస్తాల వెనక కూచుని ఏడ్చాను.

దుప్పట్లలో ఏవేవో దొరుకుతాయి.
ఉంగరం, జపమాల, సగం రాసిన ఉత్తరం.
సోసా కాలంలో అవి డబ్బాలోకి, డబ్బా ఎటో.
నేలిదా అంది: దొరికినవాళ్లే పైకి తీసుకెళ్లి ఇవ్వండి.
ఒక రోజు విల్మార్‌కి
కాగితంలో చుట్టిన పాలపన్ను దొరికింది.
తలుపులో పట్టని ఆ భారీ మనిషి
మూడో అంతస్తు ఎక్కి వెళ్తే
మంచం మీది పిల్లాడు అడిగాడట:
"పళ్లు పట్టుకెళ్లే ఎలుకవి నువ్వేనా?"
అవునన్నాడట.
గంట ఆలస్యంగా దిగొచ్చాడు.
జీతం కోస్తుందేమోనని చూశాం.
"తర్వాతేమైంది?" అంది నేలిదా,
మంచి చెవి ఇటు తిప్పి.
ఆ వేళ నుంచి మూడో అంతస్తు దుప్పటి
మా చేతుల్లో వేరేగా మడతపడింది.

అన్నీ గెలవలేదామె.
జీతాల కోసం పై ఆఫీసుకి మూడుసార్లు వెళ్లింది.
మూడుసార్లూ వచ్చి అదే చెప్పింది:
"అడిగాను. లేదన్నారు. మళ్లీ వెళ్తా."
మాటకి తేనె పూయలేదు.
మేం సమ్మె చేసిన నాడు
గేటు లోపలే నిలబడింది, బయటికి రాలేదు.
విల్మార్ ఇప్పటికీ దాన్ని క్షమించలేదు.
నేను అటూ ఇటూ కాకుండా ఉన్నాను.

ఆమె వెళ్లిపోయాక తాళాలు నాకిచ్చారు.
నా బల్ల ఇప్పుడు కొత్త పిల్ల యామిలాది.
మొదటి రోజే గొప్పగా చూపించాను
ఆ చెక్కముక్కల్ని, వాటి కథని.
తలూపింది.
అడ్డం ఏమైనా ఉందా అంటే లేదంది.
రెండోసారీ లేదంది.
నిన్న మూడోసారి అడిగాను,
ఆవిరి గొట్టాల చప్పుడు ఆగాక, మెల్లగా.

మునివేళ్ల మీంచి దిగి, తల వంచుకుని అంది:
"నాకు ఈ బల్ల... నాలుగు వేళ్లు ఎత్తండీ."

ఆపరీసియో సెలవులో ఉన్నాడు.
బల్ల కింద దూరి
నేనే ఊడబెరుకుతున్నాను.