ఎరువు సొమ్ము

మిడిల్స్‌బరోలో నేనొక్కదాన్నే అనుకుంటా,
ఖాతాలో పదివేల పౌండ్లు పెట్టుకుని
ధర తగ్గించే పసుపు స్టిక్కరు పడేదాకా
బ్రెడ్డు అర దగ్గర తచ్చాడేది.

సరిగ్గా చెప్పాలంటే
పదివేల ఐదు వందల నలభై ఆరు.
వీసావాళ్లకి చూపించాల్సింది పోగా
మిగిలిన ఏడు పౌండ్లే నావి.
తక్కినదంతా
కాకినాడ ల్యాబులో ఆరేళ్లపాటు
ఊరివాళ్ల రక్తం గుచ్చి తీసిన జీతం,
తొందరపడి నష్టానికి పాడుకున్న చీటీ,
మా పిన్ని నాలుగు గాజులు.
తాకట్టు కొట్టులో వాటికిప్పుడు ఓ నంబరుంది,
నాకున్నట్టే.

ఇరవై ఎనిమిది రోజులు కదలకూడదు.
ఒక్క పౌండు తగ్గినా
మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క.
ఈ దేశంలో నాకు పదకొండు నెలలు;
పన్నెండు నిండుంటే అసలు అడిగేవారే కాదట.
నెల తక్కువ బిడ్డను అద్దాలపెట్టెలో పెట్టినట్టు
పెట్టాను డబ్బుని.
చూడొచ్చు. ముట్టుకోకూడదు.

అద్దె, బస్సు, బియ్యం వేరే ఖాతా మీద,
నైట్ డ్యూటీ జీతం మీద నడుస్తాయి.
నడుస్తాయి అన్నాను గానీ, కుంటుతాయి.
నోటుబుక్కులో 'ఉల్లిపాయలు' కొట్టేసి
'ఒక ఉల్లిపాయ' అని రాశాను.
ఫోన్ బిల్లు పొరపాటున ఆ పెద్ద ఖాతాకి
తగిలించి ఉందేమోనని
అర్ధరాత్రి లేచి మూడుసార్లు చూశాను.

కేర్‌హోమ్‌లో డొరీన్‌గారు
రోజూ రాత్రి బిస్కెట్ల డబ్బా ఒళ్లో బోర్లించుకుని
గుండీలు లెక్కపెడుతుంది.
"ఇంటికి బస్సుకి సరిపోతాయా అమ్మాయ్?"
సరిపోతాయి, ఇంకా మిగుల్తాయి కూడా అంటాను.
నా మాట చాలు ఆమెకి.
స్టేట్‌మెంట్ అడగదు.

పంతొమ్మిదో రోజు పన్ను లేచింది.
కుడి దవడ, వెనక.
డెంటిస్టు ఫోన్‌లో చెప్పిన అంకె విని
దవడే ముందు సిగ్గుపడి
కాసేపు నొప్పి మానేసింది.
ఎరువు సొమ్ము బరువు చేటు అంటే
మెడలో నగల గురించి అనుకునేదాన్ని;
అది పంట్లోకీ దిగుతుందని
ఇక్కడికొచ్చాక తెలిసింది.

పక్కగది మెహరున్నీసాది ఆదోని.
ఆ వారం గిడ్డంగిలో షిఫ్టులు కోసేశారు ఆమెకి,
అద్దెకి నలభై తక్కువ.
టీ పెట్టుకుంటూ చెప్పింది, ఊరికే, వానొస్తోందన్నట్టు.
అప్పుడే నా ఫోను బల్లమీద తెరిచి ఉంది,
ఐదంకెలతో, దీపం వెలిగించినట్టు.
చూసింది.
చూడనట్టు చక్కెర డబ్బా వెతికింది.
నేనేదో అన్నాను, రూలు, ఇరవై ఎనిమిది, తేదీ అని.
నా గొంతు నాకే
కౌంటరు అద్దం వెనకనుంచి వచ్చినట్టు వినపడింది.
"తెలుసులే, పోయినేడు నేనూ ఇదే కాపలా కాశాను" అంది.
లోపలికెళ్లి ఒక లవంగం తెచ్చి
"నమలొద్దు, నొక్కిపెట్టు" అంది.

ఇరవై ఎనిమిదో రోజు గడిచింది, ఏ శబ్దమూ లేకుండా.
మర్నాడు బ్యాంకులో ఒకతను కాగితాల మీద ముద్రవేస్తూ
ఇంత దాచారు, ఏమైనా కొంటున్నారా అని నవ్వాడు.
తొమ్మిది నెలలు అన్నాను.
అతనికి అర్థం కాలేదు,
నా కడుపు వంక చూసి శుభాకాంక్షలు చెప్పాడు.

దరఖాస్తు పంపి, లింథోర్ప్ రోడ్డు మీద
మిషను దగ్గర నిలబడి
రెండు ఇరవైలు తీశాను.
కొత్త నోట్లు, అంచులు కోసుకునేలా.
ఇంటికొచ్చేసరికి
మెహరున్నీసా తలుపు వెనక కొక్కానికి
ఆమె మంచి చలికోటు లేదు.

తలుపు కింద నుంచి నోట్లు తోశాను.
అవి మళ్లీ ఇవతలికి వచ్చాయి.
మళ్లీ తోశాను.

రాత్రి లెక్క రాయడానికి కూచుంటే
ఖర్చు వైపు అన్నీ సరిపోయాయి.
జమ వైపు 'లవంగం - ఒకటి' అని రాసి
ధర గడి దగ్గర
పెన్ను కదల్లేదు.
పన్ను మాత్రం ఇంకా సలుపుతూనే ఉంది.