ఓడ కూత

ఉరుము ఎక్కడిదని అడుగుతారు.
షిప్‌యార్డు తుక్కులోంచి పైడిరాజు
భుజాన మోసుకొచ్చిన రేకు.
మా మేఘం అదే, మూలన తుప్పు మరకతో సహా.

రాణి నూకరత్నం మెడలో ముత్యాలు
పూర్ణా మార్కెట్లో బేరమాడి కొన్న గుమ్మం పూసలు.
కిరీటం కింద తడిగుడ్డ. మే నెల మరి.

ఉప్పుగాలికి హార్మోనియంలో మధ్యమం మూగబోతే
కామేశం మాస్టారు రాత్రికి రాత్రి
రెండు పాటల్ని ఆ మెట్టు తగలకుండా దారి మళ్లించారు.
పేపరతను "కొత్త పోకడ" అని రాశాడు.
మేం నవ్వలేదు. టీకొట్లో బాకీ ఉంది.

ఇక ఆ కూత.
మొదటి ఆట నాడు, వీడ్కోలు పాట మధ్యలో
హార్బరులోంచి ఏదో ఓడ గట్టిగా కూసింది.
నూకరత్నం ఆగింది. సముద్రం వైపు తిరిగింది.
మిగతా చరణం సగం గొంతుతో పాడింది.
హాలంతా ముక్కులు చీదుకోవడం
తెర వెనక నాకు వినబడింది.
అప్పట్నుంచీ పోర్టులో గుమాస్తాని కనుక్కుని
ఓడ బయల్దేరే వేళకే ఆ పాట జరిపేవాళ్లం.

ఒకసారి విజయనగరంలో వేశాం.
రేవు లేదు, ఓడ లేదు.
అలవాటుగా ఆగిపోయింది నూకరత్నం.
తబలా ఆగింది.
లైటు చుట్టూ పురుగులు.
నా చేతిలో తెర తాడు, చెమట.
ముందు వరసలో ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు:
"ఏటది, ఎవులి కోసం సూస్తంది?"

ఖాళీ సోడా సీసా నోట పెట్టి ఊదాను.
ఓడలా కాదు, దూడ అరిచినట్టొచ్చింది.
ఎవరో కిసుక్కుమన్నారు.

ఆవిడ మాత్రం తిరిగింది,
దారి తెలియని ఊళ్లో,
సరిగ్గా తూర్పుకి.