ఐదున్నర గంటలు

పదిహేడో గాలిమర ఆగింది. ఎవరో ఆపినారు.
కాగితం మీద ఇంతే ఉండాది:
20:47:09, పక్కన ఒక జెడ్.
యూజర్ 04. స్టాప్ 17.

నాలుగో నంబరంటే ఓబులప్ప అని
రిజిస్టరు తెరవకుండానే తేల్చినాడు మేనేజరు.
"రాత్రి ఎనిమిదీ నలభై ఏడుకు యాడుంటివి?"
"గేటుకాడ సద్ది ఇప్పుకుంటాంటి సార్."
"ఆ చేత్తోనే నొక్కింటావు."
మూడు దినాల జీతం కోత.

సంతకం పడేముందు ఒకసారి చూడమని
లాగ్ నాకిచ్చినారు. నాలుగు వేల వరుసలు.
ఉరవకొండ చుట్టుపక్కల
గాలి వినపడని గది మాదొక్కటే.

వేలు పెట్టుకుని వరుస వరుసా దిగినా,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
ఒకచోట వేలు ఆగింది:
13:05. యార్డు లైట్లు వెలిగినవి.

మధ్యాహ్నం ఒంటిగంటకా?
మా ఎండలోనా?
తారు కరిగి చెప్పును పట్టుకునే వేళ
ఏ దీపానికి చీకటి కనపడింది?

అప్పుడు చూసినా ఆ జెడ్‌ను.
ఇన్నేండ్లూ దాన్ని ప్రింటరు గీకుడనుకున్నా.
ఇది మీ పొద్దు కాదు అని చెప్పే అక్షరమంట.
ఈ మిషను గాలి తాగేది మన గుట్టల మీద,
గడియారం మాత్రం గ్రీనిచ్‌ది.
ఐదున్నర గంటలు కలపల్ల.

కలిపినా.
లైట్లు ఆరూ ముప్పై ఐదుకు, మునిమాపున, బుద్ధిగా వెలిగినాయి.
పదిహేడో మర రాత్రి రెండూ పదిహేడుకు ఆగింది.

ఆ పొద్దుకు ఓబులప్ప
డ్యూటీ దిగి, బండేసుకుని పోయి,
వజ్రకరూరులో మిద్దె మీద గురక పెడతాంటాడు.
ఈ కుర్చీలో ఉండేది నేను.

నా పాస్‌వర్డు గడువు తీరి పది దినాలు.
"నాది వాడుకో మాబున్నిసా, ఏం పోతాది"
అని టికెట్టు ముక్క మీద రాసిచ్చిండె.
వాళ్ళ పాప పేరు, పుట్టిన ఏడు.
ఏడో మరను ఆపమని ఫోనొచ్చింది.
ఏడే నొక్కినా, ఒట్టు.
దానిముందర ఒకటి ఎట్లా పడిందో
నిద్రలో ఉన్న నా వేలికే తెలియాల.

టికెట్టు ముక్క ఇంకా డ్రాయర్‌లోనే ఉండాది.
చాలాసేపు దాన్నే చూస్తా కూర్చున్నా.
కాగితం మీద 04 అని ఉంది, మనిషని లేదు.
నేను నోరు మూసుకుంటే
అది కూడా మూసుకుంటాది.

రాసినా: ఆ పూట నాలుగో నంబరు నేను.
పంపేసరికి శుక్రవారం, తెల్లారుజాము నాలుగూ యాభై.
లాగ్‌లో పడింది గురువారం, 23:20.

పొద్దున ఓబులప్ప వచ్చి చదివించుకున్నాడు.
తేదీ దగ్గర ఆగినాడు.
"అయితే నిన్ననే చెప్పేసినావు" అని
టీ గ్లాసు నా పక్కకు జరిపినాడు.